చేరినట్టు ఒక్క రింగు

మొన్న నగరంలో ట్రైనింగ్ ముగించుకుని కంపెనీ క్యాబ్‌లో శంషాబాద్ తిరిగి వస్తున్నాను. ఆరాంఘర్ దగ్గర ఎలివేటెడ్ రోడ్డు కిందికి దిగేచోట డ్రైవరు గేరు తీసి న్యూట్రల్‌లో వేశాడు. ఇంజన్ చప్పుడు తగ్గిపోయింది. బండి తన బరువుతో తానే జారడం మొదలుపెట్టింది. ఈ వైపు చాలామంది డ్రైవర్లకు ఉన్న అలవాటే. చెంచాడు డీజిలు మిగులుతుందని నమ్మకం.

"గేరుల వెయ్యి," అన్నాను.

నేను ఒంగోలు వైపు వాణ్ని. అలా మాట్లాడను. ఆ మాట నా నోట్లోంచి వచ్చింది గాని, నాది కాదు.

డ్రైవరు అద్దంలోంచి నన్నొకసారి చూసి గేరు వేశాడు. ఇదేమన్నా ఘాట్ రోడ్డా సార్ అని గొణిగాడు. నిన్న సాయంత్రం నుంచి రెండు డ్యూటీలు కలిపి చేస్తున్నాడట. ఆ మాట చెబుతూనే ఆవులించాడు.

తర్వాత గగన్‌పహాడ్ వచ్చింది. హైవే పక్కన ఒక రేకుల షెడ్డు ఉండాల్సిన చోట ఇప్పుడు మార్బుల్ షాపు ఉంది. అటు చూడకుండా ఉండటానికి ఫోన్ తీసి టైము చూశాను. మూడూ నలభై.

ఆ షెడ్డులో పంక్చర్ షాపు నడిపిన మనిషిని అందరూ చాచా అనేవాళ్ళు. నేనూ అలాగే పిలిచాను కాబట్టి ఇక్కడ పేరు రాయను. శంషాబాద్ పాత ఊళ్ళో పుట్టాడు. పదిహేడేళ్ళు హిమాలయాల్లో, సరిహద్దు రోడ్లు వేసేచోట టిప్పర్ నడిపాడు. మోకాళ్ళు పోయాక ఇంటికొచ్చి షాపు పెట్టుకున్నాడు. భార్య లేదు. కూతురు పెళ్ళయి పాతబస్తీలో ఉంటుంది. ఆయన జీవితం గురించి నాకు తెలిసింది ఇంతే. ఎలా నిలబడేవాడో, ఎలా వినేవాడో మాత్రం బాగా తెలుసు.

బండి ఏదైనా షాపు ముందు ఆగితే ఆయన బానెట్ తెరిచేవాడు కాదు. అరచెయ్యి దాని మీద పరిచి, కళ్ళు మూసుకుని, పిల్లాడికి జ్వరం చూసినట్టు చూసేవాడు. ఆయిల్ చుక్కను బొటనవేలి మీద రుద్దుకుని వాసన చూసేవాడు. టైరును మడమతో తన్ని, ఆ చప్పుడుని బట్టి గాలెంత ఉందో చెప్పేవాడు. నేను గేజీ పెట్టి చూసేవాణ్ని. రెండు మూడు పాయింట్ల కంటే తేడా వచ్చేది కాదు.

కుడిచేతి చివరి రెండు వేళ్ళు మంచులో చచ్చిపోయాయి. కాస్త నలుపు తప్ప చూడటానికి మామూలుగానే ఉండేవి. పొగలు కక్కే చాయ్ గ్లాసును ఆ రెండు వేళ్ళతోనే పట్టుకునేవాడు. పక్క హోటలతను గ్లాసు అందిస్తూ, "చాచా, నీ ఏళ్ళు నాకు కిరాయికియ్యి, పట్కారు కొనుడు తప్పుతది," అనేవాడు. "నీ చాయ్‌ల గంత వేడి యాడుంది?" అని ఈయన జవాబు. రోజూ అదే మాట, అదే జవాబు. ఇద్దరిలో ఒక్కరూ నవ్వేవాళ్ళు కాదు.

విమానాశ్రయం తెరిచిన ఏడాది నేను ఉద్యోగానికి వచ్చాను. చదివింది మెకానికల్. చేసే పని, విమానాల చుట్టూ తిరిగే బండ్లను బాగుచేయడం. సామాన్లు లాగే ట్రాక్టర్లు, నిచ్చెన బండ్లు, కన్వేయర్లు. ఒకసారి ఒక ట్రాక్టరు మీటరు చూసి లెక్కవేస్తే, అది తిరిగిన దూరానికి హైదరాబాద్ నుంచి కాశ్మీరుకి ఆరుసార్లు వెళ్ళి రావచ్చు. ప్రహరీ మాత్రం ఒక్కసారీ దాటలేదు. నా సంగతీ దాదాపు అంతే. శంషాబాద్‌లో రెండో అంతస్తులో ఒక గది. అమ్మానాన్నలు లేరు. అన్నయ్య విజయనగరంలో ఉంటాడు, ఏడాదికి రెండు ఫోన్లు. ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడని ఆదివారాలు ఎన్నో లెక్క రాసుకోవడం మొదలుపెట్టి, నాలుగు నెలలకు మానేశాను.

మూడేళ్ళు అలా గడిచాక ఎనిమిదేళ్ళ పాత డీజిల్ జీపు ఒకటి కొన్నాను. దాన్ని మనాలి నుంచి లేహ్ వెళ్ళే కొండదారిలో పదిహేడు వేల అడుగుల ఎత్తుకు తీసుకెళ్ళాలన్నది నా ఆలోచన. ఎందుకని ఎవరూ అడగలేదు, అడగటానికి ఎవరికీ చెప్పలేదు. జీపు వెనక రెండు డీజిల్ క్యాన్లు బిగించుకుని తిరుగుతుండగా గగన్‌పహాడ్‌లో టైరు పంక్చరైంది. అలా ఆ షెడ్డు ముందు ఆగాను.

ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టాడు. క్యాన్లు చూశాడు. ఎక్కడికని అడిగాడు. చెప్పాను. టైరు విప్పుతున్న చెయ్యి ఆగింది.

"ఎందరు?"

"నేనొక్కణ్ణే."

ఆయన మళ్ళీ పంక్చర్ పనిలో పడ్డాడు. చక్రం బిగించి, చేతులు తుడుచుకుని, ఐతారం నాడు రమ్మన్నాడు.

ఆదివారం నా లిస్టు తీసుకుని వెళ్ళాను. అరవై నాలుగు వస్తువులు, నాలుగు గడులు: వస్తువు, ఎన్ని, జీపులో ఎక్కడ, ఎప్పటిలోగా కొనాలి. పెద్ద కాగితం మీద ప్రింటు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏంది, శాదీ సామాన్ల చిట్టీయా?" అన్నాడు. తెలుగు చదవడం ఆయనకు రాదు. నేను ఒక్కొక్కటీ చదవాలి, ఆయన 'రానీ' అనో 'దించు' అనో అనాలి. టైర్ల దొంతర మీద కూర్చుని, కళ్ళు మూసుకుని తీర్పు చెప్పేవాడు. ఫ్యాను బెల్టు, రానీ. డీజిల్ ఫిల్టర్లు రెండు, రానీ. మడతపెట్టే కుర్చీ, దించు. కాఫీ పొయ్యి, దించు.

"అల్టీమీటర్," అని చదివాను.

"ఏం జేస్తది గది?"

"ఎంత ఎత్తులో ఉన్నామో చెప్తుంది."

"గది నీ తల్కాయ నొప్పే జెప్తది. దించు."

నలభై ఏడో నంబరు గోనెసంచి, బండి కింద పడుకుని పని చెయ్యాల్సి వస్తే పరుచుకోడానికి. అది విని కళ్ళు తెరిచాడు. ఇది నీకు ఎవరు చెప్పిండ్రని అడిగాడు. ఎవరూ చెప్పలేదన్నాను. చాలాసేపు తల ఊపాడు. ఆయన నన్ను మెచ్చుకోవడం అదొక్కసారే.

మొత్తం ముప్ఫై మూడు దించాడు. మూడు ఎక్కించాడు. చక్రం కింద పెట్టడానికి ఒక వేపచెక్క దిమ్మ. పాత ట్యూబు కోసి చేసిన రబ్బరు ఉంగరాలు ఒక గుప్పెడు. రెండు కిలోల పుట్నాలు. మంచు పడి దారి మూసుకుపోతే పొయ్యి వెలిగించే ఓపిక ఉండదని, పుట్నాలైతే చెయ్యి జేబులో పెట్టుకునే తినొచ్చని చెప్పాడు. అక్కడ బండి నల్లపొగ వదులుతుందని, చూసి పరేషాన్ కావద్దని, ఆ ఎత్తున దానిక్కూడా దమ్ము ఆడదని చెప్పాడు. గాలి పల్చబడితే డీజిల్ పూర్తిగా మండదని నాకు పుస్తకంలో తెలుసు. ఆయన చెప్పాకే అది ఊపిరాడకపోవడంలా అనిపించింది.

సామాన్లు అయిపోయాయి, ఇక బయలుదేరొచ్చు అనుకున్నాను. వచ్చే ఐతారం నాలుగు టమాటలు తెమ్మన్నాడు.

గగన్‌పహాడ్ వెనక కంకర తీసి వదిలేసిన క్వారీ ఒకటి ఉండేది. లారీలు దిగడానికి వేసిన బాట మూడు మలుపులు తిరిగి గుంటలోకి పోతుంది. మా చుట్టుపక్కల అంత ఏటవాలుగా ఉన్న నేల ఇంకోటి లేదు. పైన జీపు ఆపించి, ఆయన ఒక టమాటను రబ్బరు ఉంగరంతో బ్రేకు పెడల్ మీద కట్టాడు. కిందికి దిగాక టమాట సాబూత్‌గా, చెక్కుచెదరకుండా ఉండాలన్నాడు. మొదటి గేరులో ఇంజనే బండిని పట్టుకుంటుంది, కాలితో పనిలేదు. పక్క సీట్లో చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

మొదటి మలుపులోనే నా కాలు నన్నడక్కుండా లేచింది. ప్యాంటు మీద గింజలు పడ్డాయి. ఆయన కిందికి చూడను కూడా చూడలేదు. "ఒకటి," అన్నాడు. ఆ ఆదివారం నాలుగూ చితికిపోయాయి. మరుసటి వారం కిలో తెచ్చాను. ఆరో వారానికి ఒకే టమాటతో ఏడుసార్లు దిగాను. ఆయన దాన్ని విప్పి, చొక్కాకి తుడిచి, ఉప్పు లేకుండానే కొరుక్కు తిన్నాడు. సగం నాకిచ్చాడు. వెచ్చగా, రబ్బరు వాసన వేసింది. ఆ ఆరు ఆదివారాల్లో మాట్లాడని ఆదివారం ఒక్కటీ లేదు.

మంచి శిష్యుణ్ణయ్యానని నాకు అనిపించిన రోజే తప్పు చేశాను. శంషాబాద్‌లో ఏదో పని ఉందంటే ఆయన్ని జీపులో తీసుకెళ్తున్నాను. హైవే మీద ఫ్లైఓవర్ ఎక్కి దిగేటప్పుడు, కబుర్లలో పడి, గేరు తీసి న్యూట్రల్‌లో వేశాను. మా వర్క్‌షాపు డ్రైవర్లందరూ చేసే పని, నా చేతికీ అంటుకుంది.

"ఆపు," అన్నాడు.

పక్కకి తీసి ఆపాను. ఆయన దిగి, తలుపు మెల్లగా వేసి, నడవడం మొదలుపెట్టాడు. ఏప్రిల్ ఎండ. పాడైన మోకాళ్ళు. లారీలు పక్కనుంచి దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. నేను జీపుని ఆయన వెనకే మొదటి గేరులో పోనిచ్చాను. ఎక్కమని మూడుసార్లు అడిగాను. రెండు కిలోమీటర్లు నడిచాక ఒక ధాబా ముందు బల్ల మీద కూర్చున్నాడు. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. చాయ్ వచ్చింది. చచ్చిన వేళ్ళతో గ్లాసు పట్టుకున్నాడు గాని తాగలేదు.

"గా కొండల మీద క్యాంపుకు క్యాంపుకు నడుమ ముప్పై కిలోమీటర్లు," అన్నాడు. "ఒకడు బయలెల్లిండంటే అవుతలి క్యాంపోనికి టైము చెప్తరు. టైముకు రాకుంటే అవుతలోడు బండి తీస్కొని ఎదురు పోవాలె. రివాజు గది. వాడు జనగామ దిక్కోడు, నాకంటె చిన్నోడు. డీజిల్ మిగిలిస్తనని దిగుడుల న్యూట్రల్ కొట్టెటోడు. నాలుగింటికి నా దగ్గరికి రావాలె. రాలే. చాయ్‌కి ఆగిండనుకున్న. ఐదైంది. ఎవడన్న దోస్తు దొరికిండనుకున్న. ఇగ తెల్లారి పొద్దుగాల పోయిన."

నేను నా గ్లాసు పక్కకి జరిపాను.

"బ్రేకులు కాలిపోయి లోయల వడ్డది బండి. పొద్దుగూకెదాంక పాణంతోటే ఉన్నడని డాక్టరు జెప్పిండు. నేను చాయ్ అనుకున్న."

చాయ్ గ్లాసు అలాగే బల్ల మీద పెట్టి లేచాడు. జీపెక్కాడు. ఇంటికి చేరేదాకా నా ఎడమచేతిని, గేరు రాడ్‌ని మాత్రమే చూశాడు.

బయలుదేరే ముందు ఆదివారం కొత్త లిస్టు చూపించాను. ముప్ఫై నాలుగు వస్తువులు, ఒక్క కోటుకి తప్ప అన్నిటికీ టిక్కులు. చదవడం రాకపోయినా, కాగితం అడుగున ఖాళీగా ఉన్న గడి ఆయన కళ్ళకు ఆనింది. అదేందని అడిగాడు. 'సమాచారం ఇవ్వవలసిన వ్యక్తి' అని చదివాను. గీతలు గీసినప్పుడే పెట్టిన గడి. రెండు నెలలుగా దాన్ని దాటేసి చదువుతున్నాను.

"ఎవరి పేరు రాస్తవ్?"

అన్నయ్య ఉన్నాడన్నాను. మరి ఎందుకు రాయలేదని అడగలేదు. తన ఫోన్ నంబరు ఉర్దూ అంకెల్లో ఒక్కొక్కటీ పలికాడు. నేను రాసేదాకా ఆగి, మళ్ళీ మొదటినుంచి పలికించి సరిచూసుకున్నాడు. తర్వాత షరతు చెప్పాడు. రోజూ బండి ఆపిన చోటునుంచి ఒక్క రింగు ఇచ్చి కట్ చేయాలి. ఒక్క రింగంటే చేరినట్టు. తను ఎత్తడు, పైసా ఖర్చు లేదు. లేహ్ దారిలో కేలాంగ్ ఊరు దాటాక రెండు రోజులు ఫోన్లు పనిచేయవని ఆయనకు తెలుసు. మూడో రోజు సాయంత్రం లేహ్ నుంచి రింగు రావాలి.

ఆయన దగ్గర రేకు పెట్టెలో ఆకుపచ్చ ఊలు కోటు ఒకటి ఉండేది, మోకాళ్ళ దాకా వస్తుంది. నా లిస్టులో కోటు ఇంకా కొనలేదు. అది ఇస్తారా చాచా అని అడిగాను.

"గది ఇయ్య. నీ రింగు రాకుంటె నేనేం తొడుక్కొని రావాలె?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ప్రయాణం గురించి రాయడానికి ఎక్కువేమీ లేదు. జీపు నల్లపొగ వదిలింది, పరేషాన్ కాలేదు. ఒక రాత్రి పుట్నాలే తిన్నాను. దిగుడు వచ్చిన ప్రతిచోటా కాలి కింద టమాట ఉందనుకున్నాను. అది చితకలేదు. కేలాంగ్ దాకా ప్రతి సాయంత్రం రింగు ఇచ్చాను.

లేహ్ చేరాక ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు అక్కడ పనిచేయవు. అరవై నాలుగు వస్తువుల లిస్టు రాసిన నాకు ఆ సంగతి తెలీదు. బజార్లో ఒక ఎస్టీడీ బూత్ కనబడింది. అందులోంచి చాచా నంబరు తిప్పి, ఒక్క రింగు మోగగానే పెట్టేశాను. షరతు అంతే కదా. ఆ నంబరు ఎవరిదో ఆయనకెలా తెలుస్తుందని నాకు తట్టలేదు. ఒక్క నిమిషం మాట్లాడితే సరిపోయేది. నేను కాగితం మీద టిక్కు పెట్టుకుని, గదికెళ్ళి, తలనొప్పితో రెండు రోజులు పడుకున్నాను.

మూడో రోజు పొద్దున్నే, తిరిగి బయలుదేరుతున్నానని రింగు ఇవ్వడానికి బూత్‌కి వెళ్ళాను. బూత్ యజమాని నన్ను, బయట ఆపిన జీపుని మార్చి మార్చి చూశాడు. బయటికొచ్చి నంబరు ప్లేటు చదివాడు. చదవడం కూడా కాదు, సగంలోంచి కళ్ళు మూసుకుని అప్పజెప్పాడు. హైదరాబాద్ నుంచి ఒక ముసలాయన, తనకు ఈ నంబరు నుంచి ఒక రింగొచ్చిందని, మొన్నటి నుంచి పొద్దునా సాయంత్రం ఫోన్ చేస్తున్నాడట. ఈ నంబరు బండి చూశావా, కళ్ళద్దాల సన్నటి మనిషిని చూశావా అని. కొట్టు వదిలి వీధి చివరిదాకా వెళ్ళి చూసి రమ్మన్నాడట. మీ అబ్బాజానా అని హిందీలో అడిగాడు.

నేను నంబరు తిప్పాను. ఈసారి పెట్టెయ్యలేదు.

"చాచా, నేను."

గగన్‌పహాడ్ లారీల హారన్లు మాత్రం వినపడ్డాయి, పక్కనే ఉన్నట్టు. ఒకటి, రెండు, మూడు లారీలు పోయాయి.

"ఏ గేరుల ఎక్కినవో గదే గేరుల దిగు," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

తిరిగి గగన్‌పహాడ్ చేరిన రోజు మిట్టమధ్యాహ్నం. ఇంకా వానలు మొదలవలేదు. షాపు ముందు టైర్ల దొంతర మీద ఆకుపచ్చ ఊలు కోటు పరిచి ఉంది. పక్కన ముడి వేసిన గుడ్డసంచి. నేను కోటు వైపు చూడటం ఆయన చూశాడు. పురుగు పట్టకుండ ఎండకేసిన అన్నాడు. నమ్మేశాను. బానెట్ మీద చెయ్యి పరిచి, కళ్ళు మూసుకుని, చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నేను దిగి పక్కన నిలబడితే, అదే చెయ్యి తీసి నా నెత్తి మీద పెట్టాడు. అక్కడా అంతే సేపు ఉంచాడు.

ఆ తర్వాత అలవాటుగా మారింది. సాయంత్రం షాపు మూసి, మోపెడ్ మీద ఇల్లు చేరాక ఆయన నాకొక రింగు ఇచ్చేవాడు. ఆరుంబావు ప్రాంతంలో వచ్చేది. నేను డ్యూటీ దిగి గదికి చేరితే ఆయనకొక రింగు. రెండున్నరేళ్ళలో ఎన్ని రింగులో లెక్క కట్టొచ్చు గాని కట్టలేదు. ఎప్పుడూ ఎవరమూ ఎత్తలేదు. ఆరు దాటితే ఫోన్‌ని బల్ల మీద కనబడేలా పెట్టుకునేవాణ్ని. అది ఒకసారి మోగి ఆగాక అన్నం వండుకునేవాణ్ని.

గత చలికాలంలో ఒక మంగళవారం ఆ రింగు రాలేదు.

నేను మామూలుగా ఆలోచించే పద్ధతిలోనే ఆలోచించాను. ఒకటి, చార్జింగ్ అయిపోయి ఉంటుంది. రెండు, టవర్ సమస్య. మూడు, కూతురింటికి వెళ్ళి ఉంటాడు. మూడింటిలో ఏదైనా కావచ్చు. ఆరున్నరకి ఒకసారి ఫోన్ చేశాను, ఎత్తలేదు. మూడో కారణం సరిపోయింది. అన్నం వండుకున్నాను. బుధవారం డబుల్ డ్యూటీ. గురువారం సాయంత్రం వెళ్ళాను.

షాపు షట్టరు సగం దించి ఉంది. లోపల ఒకావిడ సామాన్లు సర్దుతోంది. పాతబస్తీలో ఉండే ఆయన కూతురు. నేనెవరో చెప్పకముందే జీపుని చూసి పోల్చుకుంది. మంగళవారం ఆరు గంటలకి షట్టరు దించుతూ పడిపోయాడట. పక్క హోటలతను ఏడున్నరకి గ్లాసుల కోసం వచ్చి చూసేదాకా టైర్ల మధ్యే ఉన్నాడు. స్పృహ ఉంది, లేవలేకపోయాడు. దవాఖానకి తీసుకెళ్ళారు. బుధవారం పొద్దున పోయాడు. నేను చేరేసరికి అన్నీ అయిపోయాయి.

నా గది నుంచి ఆ షాపుకి ఆరు కిలోమీటర్లు. పన్నెండు నిమిషాలు. నేను వెళ్ళి ఉంటే బతికేవాడా అంటే తెలీదు. పన్నెండు నిమిషాలు మాత్రం నాకు ఖచ్చితంగా తెలుసు. ఆ రోడ్డు మీద ఎక్కడా మంచు ఉండదు.

ఆవిడ రేకు పెట్టె తెరిచి కోటు తీసింది.

"భాయ్, ఇది మీరు తీస్కోండ్రి. మా ఇంట్ల ఎవరు తొడుగుతరు?" అంది. తర్వాత, నాకు తెలుసనుకుని మామూలుగా చెప్పింది. "మీరు కొండల మీదికి పోయినప్పుడు నాంపల్లి టేషన్‌కు రెండు సార్లు పోయిండు మా అబ్బా, గీ కోటు ఏస్కొని. ఒకసారి నేను పోయి తీస్కొచ్చిన. రెండోసారి రైలెక్కి కూసున్నడు. గప్పుడే మీ ఫోనొచ్చిందంట, దిగి వచ్చిండు."

కాని ఆ రోజు ఫోన్‌లో నాకు లారీల హారన్లు వినపడ్డాయి. ఇన్నాళ్ళూ గగన్‌పహాడ్ అనుకున్నాను. నేను లారీలనుకున్నవి రైలింజన్ల హారన్లేమో.

అదంతా అయి పది నెలలు. మొన్న క్యాబ్‌లో ఆ షెడ్డు లేని చోటు దాటాక శంషాబాద్ దాకా అద్దంలో డ్రైవరు కళ్ళనే చూస్తూ కూర్చున్నాను. డ్రైవరు ఇంకో రెండుసార్లు ఆవులించాడు. మా వీధి మొదట్లో దిగుతూ, ఇప్పుడెక్కడికని అడిగాను. బండి ఇంటికే తీసుకుపోతాడట, మహేశ్వరం అవతల ఊరు. తిని పడుకుంటే రేపటిదాకా లేవనన్నాడు. కాసేపు ఇక్కడే పడుకుని వెళ్ళమన్నాను. పైన గది ఉంది, మంచముంది. వద్దు సార్, ఎంతసేపు, నలభై నిమిషాల్లో పోతనన్నాడు.

"అయితే ఇంటికి పోయినంక నాకొక్క రింగియ్యి."

"గదెందుకు సార్?"

"చేరినట్టు."

నంబరు తీసుకుంటూ నవ్వాడు. "మా ఇంటామె గూడ గిట్ల అడ్గది సార్."

నేను కూడా అతని నంబరు తీసుకున్నాను. ఊరి పేరు, బండి నంబరు కాగితం మీద రాసుకున్నాను. అప్పుడు నాలుగు. నలభై నిమిషాలకి చాయ్ కోసం ఇంకో ఇరవై కలిపాను. ఐదు.

గదిలో ఫోన్‌ని బల్ల మీద పెట్టాను. కోటు మేకుకి వేలాడుతోంది. పైనుంచి ఐదు గంటల విమానం పోయింది, గాజు కిటికీ అదిరింది. ఫోన్ మోగలేదు. నేనే చేశాను. చివరిదాకా మోగి ఆగిపోయింది.

పడుకుని ఉంటాడు. ఫోన్ బండిలోనే వదిలేసి ఉంటాడు. మరిచిపోయి ఉంటాడు. మూడు కారణాలూ వరసగా వచ్చి నిలబడ్డాయి. మూడింటిలో ఏదైనా కావచ్చు.

తాళాలు తీసుకుని కిందికి దిగాను. ఐదూ ఐదుకి జీపు మహేశ్వరం రోడ్డెక్కింది.